పోస్టరులో చివరి పేరు: ఉత్తరాంధ్ర నాటకాల హార్మోనిస్టు

అమ్మవారి పండగలు మొదలయ్యాయంటే రాజాం, పాలకొండ, చీపురుపల్లి, బొబ్బిలి లాంటి ఊళ్ల గోడల మీద నాటకం పోస్టర్లు కనిపిస్తాయి. పైన అమ్మవారి బొమ్మ, దాని కింద నాటకం పేరు లావుపాటి అక్షరాల్లో, ఆ తర్వాత కృష్ణుడు ఎవరు, అర్జునుడు ఎవరు, ఏ ఊరి నుంచి వస్తున్నారు అనేది ఫొటోలతో సహా ఉంటుంది. ఫొటోలన్నీ అయిపోయాక అడుగున, మేకప్పు, సీనరీ, మైకుసెట్టు వాళ్ల పేర్లున్న వరసలో ‘హార్మోనియం’ అని ఇంకో పేరు. ఆ పేరుకి చాలాసార్లు ఫొటో ఉండదు. ఆ రాత్రి జనం తెల్లవార్లూ కూర్చుని వినబోయే పద్యాలకు రాగాలు ఎంచింది, ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో నేర్పింది, పాటలకు వరసలు కట్టింది ఎక్కువగా ఆ మనిషే. కానీ ‘సంగీతం’ అని రాసి ఎదురుగా అతని పేరు వేసే అలవాటు మన నాటకాలకు ఎప్పుడూ పెద్దగా లేదు. పెట్టె వాయించేవాడు, హార్మోనీ మాస్టారు, అంతే. సినిమాలో ఇదే పని చేసినవాణ్ణి సంగీత దర్శకుడు అంటాం.

ఈ తేడా ఎలా వచ్చిందో చూడాలంటే తెలుగు నాటకానికి సంగీతం ఎటునుంచి వచ్చిందో కొంచెం తెలియాలి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం వాళ్లు తెలుగు ఊళ్లలో తిరుగుతూ ప్రదర్శనలిచ్చారు, వాళ్ల పాటలకు జనం విరగబడ్డారు, ఆ మోజులోంచే మన దగ్గర సమాజాలు పుట్టుకొచ్చాయి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు నాటకంలో పాటకూ పద్యానికీ పెద్దపీట వేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు సురభి సమాజాన్ని మొదలుపెట్టారు. పార్సీ నాటక కంపెనీల నుంచి హిందుస్తానీ బాణీలు కూడా వచ్చి కలిశాయి. అందుకే ఈనాటికీ మన పద్యనాటకంలో కల్యాణి పక్కనే యమన్ వినిపిస్తుంది, ముఖారి తర్వాత భీంపలాస్ వస్తుంది, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు.

విజయనగరం సంగతి కొంచెం వేరు. ఆనంద గజపతి కాలంలో ఇక్కడి జగన్నాథ విలాసినీ సభ వాళ్లు 1892లో ‘కన్యాశుల్కం’ ఆడారు. అంటే వాడుక భాషలో మాటలే ప్రాణంగా నడిచే నాటకం పుట్టింది ఈ పట్నంలోనే. అయినా పట్నం దాటి పదిమైళ్లు వెళితే పల్లెజనం కోరుకున్నది పద్యం. పల్లెల్లో అప్పటికే తూర్పు భాగవతం ఉంది, తప్పెటగుళ్లు ఉన్నాయి, జముకుల కథ ఉంది, కథని పాటతో వినడానికి చెవి తయారై ఉంది. 1919లో విజయరామ గజపతి విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు దానికి మొదటి ప్రిన్సిపాలు, 1936లో ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ బాధ్యత తీసుకున్నారు. అలా ఒకే నేల మీద రెండు సంగీతాలు పక్కపక్కనే పెరిగాయి. ఒకటి కచేరీ సంగీతం, దానికి కళాశాల, బిరుదులు, సన్మానాలు ఉన్నాయి. రెండోది నాటకం సంగీతం, దానికి ఉన్నది పందిరి, పెట్రోమాక్స్ లైటు, వన్స్‌మోర్. మొదటిదాని చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కింది. రెండోది ముసలివాళ్ల జ్ఞాపకాల్లో మిగిలింది.

హార్మోనిస్టు తయారయ్యే దారి ఈ ప్రాంతంలో చాలామందికి ఒకేలా ఉంటుంది. ఊళ్లో రామకోవెల, కోవెల్లో శనివారం భజన, భజనకు ఊరందరి చందాతో కొన్న హార్మోనియం ఒకటి. పెద్దవాళ్లు లేచి వెళ్లాక ఆ పెట్టె తెరిచి మెట్లు నొక్కే కుర్రాడు ఒకడు ఉంటాడు. వాడు ఏ మాస్టారి దగ్గరికో చేరతాడు. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, నాలుగు గీతాలు, ఆ తర్వాత వర్ణాల దాకా వెళ్లే ఓపిక అటూ ఇటూ ఉండదు, నేరుగా పద్యం. గురువు నాటకానికి వెళితే పెట్టె మోసుకుని వెనకాల వెళ్లడం, పక్కన కూర్చుని శ్రుతి పట్టుకోవడం, గురువు టీ తాగడానికి లేచినప్పుడు ఒక సీను వాయించడం, అదే పరీక్ష. కొంతమంది విజయనగరం కళాశాలలో చేరి సర్టిఫికెట్టో డిప్లొమానో తెచ్చుకున్నారు, వాళ్లకు రాగజ్ఞానం గట్టిగా ఉంటుంది. అయితే తెల్లవారుజామున నాలుగు గంటలకు బొంగురుపోయిన నటుడి గొంతుని కాపాడుకుంటూ సీను నడపడం మాత్రం ఏ క్లాసులోనూ రాదు.

తర్వాత మాస్టారి ఉద్యోగం మొదలవుతుంది. చాలామంది రాసినవాళ్లు ఈ దశని పట్టించుకోలేదు గానీ అసలు సంగీత రచన జరిగేది ఇక్కడే. నూర్పిళ్లు అయ్యాక ఒక ఊరివాళ్లు వచ్చి, మా కుర్రాళ్లకు ఫలానా నాటకం నేర్పాలి మాస్టారూ, పండక్కి ఆడాలి అంటారు. బేరం కుదురుతుంది, కొంత అడ్వాన్సు ఇస్తారు, ఊళ్లో ఒక గది చూపిస్తారు, భోజనం రోజుకొక ఇంట్లో. పగలు పొలం పనులు, బడి పాఠాలు, జూటుమిల్లులో షిఫ్టులు, దర్జీ పని చేసుకున్నవాళ్లు రాత్రి ఎనిమిదికి చేరతారు. వాళ్లలో సంగీతం వచ్చినవాడు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. మాస్టారు ముందు అందరి చేతా ఏదో ఒక పద్యం పాడిస్తాడు. ఎవరి గొంతు ఎక్కడిదాకా పోతుంది, ఎవరికి పైస్థాయిలో చీలిపోతుంది, ఎవరికి పొల్లక్షరం సరిగా పలకదు, ఎవరు ఊపిరి తొందరగా వదిలేస్తారు, ఇవన్నీ ఆ మొదటి రెండు రాత్రుల్లో మనసులో రాసుకుంటాడు. దాన్నిబట్టి వేషాలు పంచుతారు, దాన్నిబట్టే వరసలు కడతాడు. ఒకే పద్యం, ఒకే వేషం, కానీ పక్క ఊళ్లో నేర్పిన వరస ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే అక్కడి కృష్ణుడికి తారాస్థాయి పంచమం అందింది, ఇక్కడి కృష్ణుడికి గొంతు దానికి రెండు స్వరాలు కిందున్న గాంధారం దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు రాగం మార్చాలి, లేదా అదే రాగంలో ఎత్తుగడ కిందినుంచి మొదలుపెట్టి పైకి వెళ్లాల్సిన చోటుని మూడో పాదానికి జరపాలి. సినిమాకి వరస కట్టినవాడికి ఏ గాయకుడు కావాలో ఎంచుకునే వీలుంది. నాటకాల మాస్టారికి ఊళ్లో ఉన్న గొంతులే దిక్కు, వాటి లోపాలు తెలిసి, ఆ లోపాలు జనానికి తెలియకుండా వరస కట్టాలి.

పద్యానికి వరస కట్టడం పాటకి కట్టడం లాంటిది కాదు. పాటకి తాళం ఉంటుంది, ఆదితాళమో రూపకమో ఖండచాపో పట్టుకుంటే పల్లవి నిలబడుతుంది. పద్యానికి తాళం లేదు, ఛందస్సు ఉంది. ఉత్పలమాలకి పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకి ఇరవై ఒకటి, శార్దూలానికి పంతొమ్మిది, మత్తేభానికి ఇరవై. ఈ లెక్క ప్రకారం గురువుని సాగదీసి లఘువుని పొట్టిగా పలికితే పద్యం ఊపు వచ్చేస్తుంది కానీ అది పిల్లలు బడిలో అప్పజెప్పినట్టు ఉంటుంది. నాటకంలో పద్యం మాట. ఒకడు ఎదుటివాడితో కోపంగానో బతిమాలుతూనో అంటున్న మాట.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి చూద్దాం. తిరుపతి వెంకటకవుల ఉద్యోగపర్వ నాటకాల్లో కౌరవసభలో కృష్ణుడు చదివే ‘చెల్లియొ చెల్లకో’ పద్యం. ఇది ఉత్పలమాల, కాబట్టి యతి పదో అక్షరం దగ్గర పడుతుంది. ‘చెల్లియొ చెల్లకో తమకుఁ జేసిన’ అన్నప్పుడు ‘చె’కి పదో అక్షరం ‘జే’తో మైత్రి. కొత్తగా నేర్చుకునేవాళ్లు చాలామంది యతి అంటే ఆగాల్సిన చోటు అనుకుని ‘తమకు’ తర్వాత గాలి పీల్చుకుంటారు. తెలుగులో యతి అంటే అక్షరాల పొత్తు, అక్కడ ఆగాలని ఏ నియమమూ లేదు. అర్థం చూస్తే విరుపు రావాల్సింది ఆరో అక్షరం తర్వాత, ‘చెల్లియొ చెల్లకో’ దగ్గర. ‘తమకుఁ జేసిన యెగ్గులు’ అనేది ఒక్క ముక్క, విడగొడితే మాట చచ్చిపోతుంది. రెండో పాదం ఇంకా కష్టం. సంధి కోసం నన్ను దూతగా పంపారు అన్న మాట పూర్తయ్యాక ఆ పాదం చివర ఒక్క అక్షరం మిగులుతుంది, దాని సంబంధం మూడో పాదంలో మొదలయ్యే ‘పిల్లలు పాపలు’తో. పాదం అయిపోయింది కదా అని అక్కడ రాగం తీస్తే అర్థం తెగిపోయి వినేవాడికి తికమక. కాబట్టి రెండో పాదంలో రాగం పెట్టాల్సింది చివర కాదు, చివరి అక్షరానికి ముందు, ఆ మిగిలిన అక్షరాన్ని మూడో పాదంలోకి ఒక్క ఊపిరిలో జారవిడవాలి. చివరికొచ్చేసరికి ‘కౌరవేశ్వరా’ అని సంబోధన ఉంది, దాని తుదిన దీర్ఘం ఉంది. ఆలాపనకి అంతకంటే మంచి చోటు దొరకదు. దూత వినయంగా అడుగుతున్నాడా, లోపల బెదిరింపు ఉందా అనేది ఆ దీర్ఘం మీద తీసే రాగమే చెబుతుంది.

ఇదంతా నిర్ణయించేది ఎవరు? పేరున్న పెద్ద నటులైతే వాళ్లే నిర్ణయించుకున్నారు. బొబ్బిలి ప్రాంతం నుంచి వచ్చిన పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడి వేషంలో ఆంధ్ర దేశమంతా పేరు పొందారు, రాగం కంటే పద్యం భావానికి ప్రాధాన్యం ఇస్తారన్నది ఆయన గురించి రసికులు చెప్పుకునే మొదటి మాట. అలాంటివాళ్లకు హార్మోనిస్టు తోడు నడిస్తే చాలు. కానీ ఊరూరా ఆడిన వందలాది రాత్రుల్లో వేషం కట్టినవాళ్లు అలాంటివాళ్లు కాదు. వాళ్లకు ఎక్కడ విరవాలో, ఎక్కడ తగ్గాలో, ఏ అక్షరం మీద సంగతి, అంటే రాగపు మెలిక, వేయాలో మాస్టారే పాడి వినిపించి, వాయించి చూపించి, వందసార్లు అనిపించి ఎక్కించాడు.

సీసపద్యం వచ్చిందంటే అది ఇంకో కసరత్తు. సీసంలో నాలుగు పెద్ద పాదాలు, ఒక్కోటి రెండు ముక్కలు, అంటే ఎనిమిది ముక్కలు, కింద తేటగీతో ఆటవెలదో. ఎనిమిదింటినీ ఒకే వరసలో పాడితే మూడో పాదానికి జనం బీడీ వెలిగించుకుంటారు. అందుకని మొదటి రెండు పాదాలు ఒక రాగం, తర్వాతి రెండు ఇంకో రాగం, కింద గీతిలో మళ్లీ మొదటి రాగానికి రావడమో లేదా పూర్తిగా వేగం మార్చేయడమో చేస్తారు. మంచి మాస్టారు కట్టిన సీసం వింటే ఒక రాగం నుంచి ఇంకో రాగంలోకి ఎప్పుడు దాటాడో తెలియదు, రెండు రాగాలకూ ఉమ్మడిగా ఉన్న స్వరాల మీదనే ఆ గట్టు దాటిస్తాడు కాబట్టి.

ఇక పెట్టె గురించి. నాటకాల్లో ఒకప్పుడు ఎక్కువగా వాడింది కాలి హార్మోనియం, అంటే కాళ్లతో తొక్కుతూ గాలి నింపేది, దానివల్ల రెండు చేతులూ మెట్ల మీద ఉంటాయి. చేతిపెట్టె అయితే ఎడమచేయి తిత్తికే సరిపోతుంది. మైకులు లేని రోజుల్లో పందిరి చివరిదాకా వినపడాలంటే ఆ రీడ్ల గొంతే గతి. నటులు ఐదు, ఐదున్నర, ఆరు శ్రుతుల్లో (షడ్జమం, అంటే ‘స’, ఏ మెట్టు మీద పెట్టారో చెప్పే అంకెలివి) పాడటానికి కారణం కూడా అదే, హెచ్చు శ్రుతిలో పాడిన గొంతు జనం గోల మీదుగా ఎంతో దూరం పోతుంది. మైకులు వచ్చాక ఆ అవసరం పోయింది, అలవాటు మాత్రం పోలేదు, పైశ్రుతిలో పాడనివాడు నటుడే కాదన్న అభిప్రాయం చాలా ఊళ్లలో ఇంకా ఉంది. దానివల్ల నలభై దాటేసరికి గొంతులు పాడైపోయిన నటులు ఎంతోమంది.

హార్మోనియానికి ఒక లోపం ఉంది, స్వరం నుంచి స్వరానికి జారలేదు. గమకం రాదు. ఉన్న పన్నెండు మెట్లూ స్థిరంగా ఉంటాయి, రాగాన్నిబట్టి గాంధారాన్ని కాస్త పైకో కిందకో ఊపడం కుదరదు. ఈ కారణంతోనే కచేరీ విద్వాంసులు దాన్ని చిన్నచూపు చూశారు, ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా తన స్టూడియోల్లోకి హార్మోనియాన్ని రానివ్వలేదు. ముప్పై ఏళ్లు! ఆ ముప్పై ఏళ్లూ పద్యనాటకం ఊరూరా వెలిగిన కాలమే, అంటే ఊళ్లో వేలమంది చప్పట్లు కొట్టిన మాస్టారికి రేడియోలో తన వాద్యంతో తలుపు తట్టే అర్హత కూడా లేదన్నమాట. ఇది చిన్న అవమానం కాదు.

కానీ ఆ లోపమే నాటకం సంగీతానికి ఒక రూపం ఇచ్చింది. తోడి, వరాళి లాంటి రాగాలకు గమకమే ప్రాణం, మెట్ల మీద అవి ఎండిపోయినట్టు వినపడతాయి. మోహన, కల్యాణి, శంకరాభరణం, బేహాగ్, మాండ్, సింధుభైరవి అయితే స్వరాలు నిటారుగా నిలబడ్డా రాగం ముఖం వెంటనే తెలుస్తుంది. మాస్టార్లు ఎక్కువగా ఈ రాగాల వైపే మొగ్గారు. తప్పనిసరిగా ముఖారో సావేరో వేయాల్సిన దుఃఖపు సీనులో పెట్టె మీద షడ్జమ పంచమాలు మాత్రమే పట్టి ఉంచి, ఊపే పని నటుడి గొంతుకి వదిలేశారు. వాద్యం తగ్గి గొంతుకి చోటిచ్చే ఈ పద్ధతి హరిశ్చంద్రుడి కాటిసీనుల్లో ఎంత గొప్పగా పనిచేస్తుందో విన్నవాళ్లకు తెలుసు.

శ్రుతుల గొడవ ఇంకొకటి. కృష్ణుడు ఐదు శ్రుతి, అర్జునుడు నాలుగున్నర, స్త్రీ వేషానికి వేరే శ్రుతి, ఒకరి మీద ఒకరు పద్యాలు విసురుకునే వాదం సీను. హార్మోనిస్టుకి ప్రతి రాగమూ ఏ మెట్టు మీద షడ్జమం పెట్టినా వేళ్లకు వచ్చి ఉండాలి. మోహననే తీసుకుంటే, ఐదు శ్రుతిలో వాయిస్తే అన్నీ తెల్లమెట్లు, అరమెట్టు తగ్గి నాలుగున్నరకి వస్తే అయిదు స్వరాలూ నల్లమెట్ల మీదే, ఒక్క తెల్లమెట్టు కూడా తగలదు. ఐదున్నరకి వెళితే మూడు నల్లవి, రెండు తెల్లవి. చెవికి ఒకటే రాగం, వేళ్లకు మాత్రం మూడు వేరువేరు దారులు. ఒకరి పద్యం అయ్యి ఇంకొకరి పద్యం మొదలయ్యే మధ్యలో వచ్చే నాలుగు వచనం ముక్కల కింద మెల్లగా స్వరం పట్టి, చెప్పకుండానే రెండోవాడి శ్రుతిలోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాలి. జనం ఇది గమనించరు. గమనించారంటే ఎక్కడో తేడా వచ్చిందన్నమాటే.

అదీగాక కంట్రాక్టు నాటకాల్లో రిహార్సలు ఉండదు. శ్రీకాకుళం నుంచి ఒకరు, విశాఖ నుంచి ఒకరు, గోదావరి జిల్లాల నుంచి ఇద్దరు సాయంత్రానికి దిగుతారు, రంగులు వేసుకుంటూనే ‘మాస్టారూ, నాది ఐదున్నర, మూడో పద్యం కాపీ రాగంలో ఎత్తుతా’ అని చెబుతారు. అంతే ఒప్పందం. మిగతాది తెర లేచాకే. వన్స్‌మోర్ పడితే నటుడు అదే పద్యాన్ని ఇంకో పద్ధతిలో పాడతాడు, ఒక్కోసారి రాగమే మార్చేస్తాడు, మాస్టారు ఒక స్వరం వినగానే ఆ రాగం ఏమిటో పట్టుకోవాలి. ఒకడు మర్చిపోతే తర్వాతి పద్యం ఎత్తుగడ పెట్టె మీద వాయించి గుర్తుచేయాలి. పక్కన తబలా, ఉంటే ఒక క్లారినెట్టు, వాళ్లకు కూడా కంటి సైగే.

డబ్బు సంగతి చెప్పుకోవడానికి ఎక్కువ లేదు. సంక్రాంతి నుంచి వేసవి చివరిదాకా సీజను, వానలు పడితే ఖాళీ. నాటకానికి ఇంత, నేర్పినందుకు ఇంత అని మాట్లాడుకుంటారు, వేషధారులకిచ్చే మొత్తంలో హార్మోనిస్టుది మధ్యలో ఎక్కడో ఉంటుంది. మిగతా నెలల్లో పిల్లలకు పాఠాలు, పెట్టెల మరమ్మతు, కొద్దిపాటి వ్యవసాయం, భజనలు. మద్రాసు వెళ్లినవాళ్ల కథ వేరు. సాలూరు దగ్గర శివరామపురంలో పుట్టిన సాలూరి రాజేశ్వరరావు చిన్నతనంలోనే గ్రామఫోను రికార్డులకు పాడి సినిమాకి వెళ్లి తెలుగు పాట స్వరూపాన్నే మార్చారు. విజయనగరం కళాశాలలో చదివి, పట్రాయని సీతారామశాస్త్రి దగ్గర నేర్చుకున్న ఘంటసాల సినిమాలో పద్యానికి ఒక పద్ధతి స్థిరపరిచారు, రాగం క్లుప్తంగా, మాట స్పష్టంగా. ఆ పద్ధతి తిరిగి పల్లె నాటకాలకు వచ్చింది, అరగంట రాగం తీసే పాత బాణీ మీద జనానికి విసుగు మొదలైంది. అంటే ఇక్కడి నేల నుంచి వెళ్లిన సంగీతమే సినిమా దారిన తిరిగొచ్చి ఇక్కడి మాస్టార్లను తమ వరసలు కుదించుకునేలా చేసింది.

గ్రామఫోను కూడా అంతకుముందే ఇలాంటి పని చేసింది. పాత డెబ్భై ఎనిమిది ఆర్‌పీఎం ప్లేటు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర. రంగస్థలం మీద పది నిమిషాలు పాడే పద్యాన్ని అందులోకి దించాలంటే ఏ సంగతి ఉంచాలి, ఏది తీసేయాలి అన్నది ఎవరో ఒకరు తేల్చాల్సిందే. ప్లేటు మీద గాయకుడి పేరు అచ్చయ్యింది. ఆ ప్లేట్లు విని నేర్చుకున్న పల్లె నటులకు అది ఫలానా నటుడి బాణీ అయింది. వరస కట్టిన చెయ్యి ఎవరిదన్న ప్రశ్నే రాలేదు.

ఇక్కడ చట్టం సంగతి కూడా చెప్పాలి, చాలామందికి తెలియని విషయం ఇది. 1957 కాపీరైటు చట్టంలో సంగీత కృతి అంటే అచ్చయినదో, రాతలో పెట్టినదో, స్వరలిపిగా చూపించినదో అయి ఉండాలన్న అర్థం ఉండేది. అంటే కాగితం మీద లేని వరసకి చట్టం దృష్టిలో ఉనికి లేదు. 1994లో చేసిన సవరణతోనే ఆ నిర్వచనం మారి, స్వరలిపిలో రాసినా రాయకపోయినా సంగీతం కట్టినవాడే సంగీతకర్త అని వచ్చింది. అప్పటికి పద్యనాటకానికి నూరేళ్లు దాటాయి. పెట్టె ముందు కూర్చుని జీవితమంతా వరసలు కట్టి, ఒక్కటీ కాగితం మీద పెట్టకుండా వెళ్లిపోయిన మూడు నాలుగు తరాల మాస్టార్లను చట్టం కూడా సంగీతకర్తలుగా గుర్తించలేదు. వాళ్లు రాయకపోవడానికి కారణం సోమరితనం కాదు. రాయాల్సిన అవసరం వాళ్లకు రాలేదు, నేర్చుకునేవాడు ఎదురుగా ఉన్నాడు, వాడి గొంతులోకి ఎక్కిస్తే పని అయిపోయింది. పైగా వచ్చే ఏడు ఇంకో ఊరు, ఇంకో గొంతు, వరస ఎలాగూ మార్చాల్సిందే.

కొంతమంది దీనికి అభ్యంతరం చెబుతారు. అందరూ వాడే రాగాలు, అందరికీ తెలిసిన పద్యాలు, పాత నటుల బాణీలు వీళ్లు అనుకరించారు, ఇందులో రచన ఏముంది అని. కొంత నిజమే, పేరున్న పద్యాలకు స్థిరపడిన బాణీ ఉంటుంది, దాన్ని మారిస్తే జనమే ఒప్పుకోరు. కానీ ఒక నాటకంలో అలాంటి పద్యాలు పదో పదిహేనో. మిగతావాటికి, మధ్యలో వచ్చే పాటలకు, స్థానికంగా ఎవరో రాసుకున్న కొత్త నాటకాలకు, ప్రవేశాలకు వాయించే చిన్న చిన్న స్వరాలకు, యుద్ధం సీను కింద నడిచే దరువులకు ఏ ప్లేటూ లేదు. పాత బాణీని ఒక కొత్త గొంతుకి సరిపడేలా తిరగరాయడం కూడా రచనే. దర్జీ గుడ్డ నేయడు, కానీ చొక్కా అతనిదే.

ఇప్పటి పరిస్థితి మిశ్రమంగా ఉంది. పండగ కమిటీల్లో చాలావరకు డాన్సు ప్రోగ్రాముల వైపు వెళ్లిపోయాయి. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం ‘చింతామణి’ ప్రదర్శనను నిషేధించింది. ఒక వర్గాన్ని కించపరిచే పాత్ర ఉందన్న అభ్యంతరం దాని వెనకుంది, ఆ బాధని కొట్టిపారేయలేం. అయితే ఎంతో కాలంగా ఆడుతున్న ఆ నాటకం చుట్టూ పెరిగిన పద్యాల బాణీలు కూడా దాంతోపాటు మూలకి చేరాయి. కాలి హార్మోనియాలు దాదాపు కనిపించడం లేదు, వాటి స్థానంలో కీబోర్డు వచ్చింది. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటను ఉంది, నటుడు ఐదున్నర అంటే బటను నొక్కి తనకొచ్చిన మెట్ల మీదే వాయించుకోవచ్చు. పన్నెండు శ్రుతుల్లోనూ వేళ్లు తిప్పే సాధన కుర్రాళ్లకు ఇక అక్కర్లేదు. ఇది నష్టమే అని పాతవాళ్లు అంటారు గానీ, ఆ మిగిలిన శ్రద్ధ పద్యం అర్థం మీద పెడితే మంచిదే కదా. కానీ పద్యం చెప్పేవాడే ఊళ్లో దొరకడం లేదు.

ఇంకో పక్క ఫోన్లు వచ్చాక ప్రతి నాటకాన్నీ ఎవరో ఒకరు రికార్డు చేస్తున్నారు, యూట్యూబులో శ్రీకాకుళం, విజయనగరం పల్లెల నాటకాలు రాత్రంతా ఉన్నవి ఉన్నట్టు దొరుకుతున్నాయి. కెమెరా నటుడి మీదే ఉంటుంది, పెట్టె ఎక్కడో మూల సగం కనిపిస్తుంది, కానీ ధ్వని మాత్రం ఉంది. ఓపికగా వింటే ఒక మాస్టారి చెయ్యి గుర్తుపట్టొచ్చు. ఫలానా చోట పంచమం దగ్గర ఆపి నటుణ్ణి పైకి వెళ్లనిచ్చే అలవాటు, గీతి ముందు వేసే చిన్న ముక్తాయింపు, కల్యాణి నుంచి మోహనకి దాటే దారి, ఇవి ఒక ఊరి నాటకంలోనూ పదిమైళ్ల అవతల ఇంకో ఊరి నాటకంలోనూ ఒకేలా వినిపిస్తే ఆ రెండు ఊళ్లకూ నేర్పింది ఒకరేనని అర్థం.

ఇంకా బతికి ఉన్న పెద్ద మాస్టార్ల దగ్గర నాటకం పుస్తకాలు ఉంటాయి, అట్టలు ఊడిపోయి, దారంతో కట్టి. వాటిలో ప్రతి పద్యం పక్కన పెన్సిలుతో ఒక రాగం పేరు, ఒక శ్రుతి అంకె, కొన్నిచోట్ల కొట్టేసి ఇంకో పేరు. ఆ కొట్టివేతలు చాలా ముఖ్యం. ఏ గొంతు కోసం మోహన తీసి బిలహరి వేశాడో, ఏ పాదం దగ్గర ఆ నటుడికి ఊపిరి చాలక విరుపు జరిపాడో ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే చెబుతాడు, చెప్పడమే కాదు, పెట్టె తెప్పించి పాడి వినిపిస్తాడు. ఆ పుస్తకం ఒక్కో పేజీ తిప్పుతూ ఫోను ఆన్ చేసి పెట్టుకోవడానికి రెండు సాయంత్రాలు చాలు.